మిలిట్రీ తాతయ్య చెప్పులు

నా చిన్నప్పుడు జరిగిన ఒక మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. ఇందులో ఫిరంగులున్నాయి, యుద్ధ ట్యాంకులున్నాయి, రెక్కలు చాపిన విమానం ఉంది, బారులు తీరిన కత్తులున్నాయి, తెగిన చెయ్యి ఉంది, పదహారేళ్ళకే నేలకొరిగిన కుర్రవాడున్నాడు, సైనిక వందనం కూడా ఉంది. మా వైపు యుద్ధానికి ఒక కోడిపుంజు చాలు. అలాంటిది ఇన్ని సామాన్లు చేతిలో పెట్టుకుని వీరగాథ చెప్పకపోతే పల్నాడులో పుట్టి దండగ.

అయితే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. ఆ ట్యాంకులు కదలవు. విమానంలో ఇంజను తీసేశారు. కత్తులన్నీ అద్దాల వెనక ఉన్నాయి, ముట్టుకోవద్దని రెండు భాషల్లో బోర్డు కూడా పెట్టారు. మేము రణరంగంలోకి దిగింది వరసలో నిలబడి టికెట్టు తీసుకుని. అంటే ఇది యుద్ధం కథ కాదు. మా తాతయ్యా నేనూ ఢిల్లీలో ఒక మిలిటరీ మ్యూజియం చూసొచ్చిన కథ. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, ఇప్పుడు ఇరవై ఎనిమిది. 'నా చిన్నప్పుడు' అని మొదలుపెట్టే వయసు నీకెప్పుడొచ్చిందే అని మా నాయనమ్మ అడుగుతుంది. కానీ నా దగ్గర హిందీ చదువుకునే ఆరో తరగతి పిల్లలు నన్ను ముసలివాళ్ళలో కలిపేసి చాలా కాలమైంది. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మా తాతయ్యకి ఎడమ చెయ్యి మణికట్టు దాకానే ఉండేది. ఆ కొసన చర్మం ముడతలు పడి, మూతి బిగించి కట్టిన సంచిలా ఉండేది. నరసరావుపేటలో మా వీధి వీధంతా ఆయన్ని మిలిట్రీ తాత అనేవాళ్ళు. మాది మిలిట్రీ వాళ్ళిల్లు. పాకిస్తాన్ యుద్ధంలో బాంబు పడి చెయ్యి పోయిందని నన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. మన ఇల్లు తూర్పు ముఖమని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా, ఇదీ అంతే. ఆ చేతిని నేను బళ్ళో బాగా వాడుకున్నాను. మూడో తరగతిలో మా తాతయ్య ఒక ట్యాంకుని ఆపాడు. ఆరో తరగతికి వచ్చేసరికి అవి మూడయ్యాయి. మా తరగతిలో ఇంకెవరి తాతా కనీసం ట్రాక్టరుని కూడా ఆపలేదు కాబట్టి నాకు ఎదురు లేకపోయింది.

తాతయ్య మాత్రం యుద్ధం గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. నిజమైన వీరులు చెప్పుకోరని మా సోషల్ మాస్టారు అనేవారు. మా బడి హెడ్మాస్టరు గారు ఏటా ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరెయ్యడానికి రమ్మని తాతయ్యకి కబురు పెట్టేవారు. ఏటా ఆగస్టు పద్నాలుగు సాయంత్రానికి తాతయ్యకి జ్వరం వచ్చేది. వానాకాలం, దోమలు, అనుకునేవాళ్ళం. ఒకే ఒక్కసారి, నేను ఏడిచి గొడవ చేస్తే వచ్చాడు. ఒంటిచేత్తో తాడు లాగలేక ఆగిపోతే డ్రిల్లు మాస్టారు రెండో చెయ్యి వేశారు. జెండా విచ్చుకుని పువ్వులు రాలుతుంటే మా తాతయ్య తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. దేశభక్తి అంటే అలా ఉండాలని హెడ్మాస్టరు గారు మైకులో చెప్పారు. ఆ రోజు నాకు రెండు చాక్లెట్లు ఇచ్చారు.

మా ఇంటి నడవాలో ఒక ఫోటో ఉండేది. సన్నగా, మీసం మొలవని కుర్రవాడు, తలకి నూనె ఎక్కువైంది. తాతయ్య తమ్ముడు, జ్వరంతో పోయాడు అనేవాళ్ళు. ఆలోచిస్తే మా ఇంట్లో జ్వరానికి చాలా పని ఉండేది.

ఇంకొకటి, మా నవారు మంచం. వదులై, మధ్యలో గుంత పడి, పడుకుంటే మోకాళ్ళు మొహానికి తగిలేవి. నవారు బిగించాలంటే ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకుంటే ఒకరు లాగాలి. నాయనమ్మ ఎప్పుడైనా మా నాన్నని కూర్చోబెట్టి, "గట్టిగా లాగరా" అందంటే చాలు, తాతయ్య చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయేవాడు. దీపాలు పెట్టే వేళకి గానీ వచ్చేవాడు కాదు. వచ్చాక అన్నం కూడా తినేవాడు కాదు. చివరికి నాయనమ్మ ఆ మంచాన్ని బిగించడమే మానేసింది. మేమంతా ఆ గుంతలోనే పడుకుని పెరిగాం. చెయ్యి లేనివాడికి ఎక్కడ పని చెబుతారోనని పారిపోతున్నాడనుకున్నాను. నేనైతే రెండు చేతులూ ఉండి కూడా పారిపోయేదాన్ని, కాబట్టి నాకు వింతగా తోచలేదు.

ఏడో తరగతి పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో తాతయ్యా నేనూ ఢిల్లీ వెళ్ళాం. మా బాబాయి, అంటే తాతయ్య రెండో కొడుకు, అక్కడ ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. ఎప్పటి నుంచో రమ్మంటున్నాడు. కోటలు, గుళ్ళు అన్నీ చూపించి, చివరికి ఆదివారం రాత్రి అన్నం తింటూ, "నాన్నా, ఇక్కడ మిలిట్రీ మ్యూజియం ఉంది, ట్యాంకులూ తుపాకులూ అన్నీ పెట్టారంట, నీకోసమే దాచిపెట్టా రేపటికి" అన్నాడు. తాతయ్య ముద్ద కలపడం ఆపాడు. నాకూ అన్నం సహించలేదు, నాది సంతోషంతో. అక్కడ మూడు ట్యాంకులు కచ్చితంగా ఉంటాయి, తాతయ్య వాటిని చూపించి ఇదిగో ఇదే అంటాడు, జూన్‌లో బడి తెరిచేసరికి నా దగ్గర సాక్ష్యం ఉంటుంది.

మర్నాడు రెండు బస్సులు మారి వెళితే గేటుకి తాళం. సోమవారం సెలవు.

తాతయ్య అంత హుషారుగా ఉండగా అంతకు ముందెప్పుడూ చూడలేదు. నాకు ఐస్‌క్రీం కొనిపెట్టాడు. బాబాయి చిన్నప్పుడు గేదె తోక పట్టుకుని కాలవలో పడిన కథ చెప్పాడు. రోడ్డు పక్క కోతిని ఆడిస్తుంటే నిలబడి చూశాడు. మ్యూజియం మూసేశారని ఒక వీరుడు ఇంతగా ఆనందించడం నాకు కొంచెం తేడాగా అనిపించింది గానీ, ఐస్‌క్రీం కరిగిపోతుండడంతో దాని మీద దృష్టి పెట్టాను.

మా తిరుగు ప్రయాణం గురువారం. బాబాయి వాళ్ళ మేనేజరుని బతిమాలి మంగళవారం కూడా సెలవు పెట్టాడు. మంగళవారం పొద్దున్నే తాతయ్యకి జ్వరం వచ్చింది. అయితే బాబాయి ఇంట్లో థర్మామీటరు ఉంది. పెట్టి చూస్తే ఏమీ లేదు. మా వంశంలో అబద్ధం చెప్పడం చేతకానిది ఆ థర్మామీటరు ఒక్కటే.

సంచులు లోపలికి తీసుకెళ్ళనివ్వరని బాబాయి బయట చెట్టు నీడలో సంచితో కూర్చున్నాడు. "నువ్వుండావుగా, ఎవురైనా ఏదైనా అడిగితే హిందీలో చెప్పు" అని నాకు తాతయ్యని అప్పగించాడు. నాకు అప్పటికి రెండేళ్ళ హిందీ వచ్చు. మామిడిపండు తియ్యగా ఉంటుంది, మా గురువుగారు మంచివారు, గంగ పవిత్ర నది, ఈ మూడూ తడుముకోకుండా చెప్పగలను.

గేటు దాటగానే ఎండలో కొన్ని ఫిరంగులు, వాటి వెనక ట్యాంకులు, ఓ పక్కన విమానం. తాతయ్య మెట్ల పక్కన ఆగి చెప్పులు విడిచాడు. ఇది మా వైపు వాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. కారంపూడి వీరుల గుడిలో దేవుళ్ళంటే కత్తులే. ఏటా తిరునాళ్ళకి వాటికి స్నానం చేయించి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చేతుల మీద ఊరేగిస్తారు. ఆయుధం కనబడ్డ చోట చెప్పులు విడిచి దణ్ణం పెట్టడం తాతయ్యకి పుట్టుకతో వచ్చిన అలవాటు. గేటు దగ్గరున్న సిపాయి, కుర్రవాడే, మా బాబాయి కన్నా చిన్నవాడు, దూరం నుంచి చెయ్యి ఊపి, "బాబా, చప్పల్ పహనో, మందిర్ నహీ హై" అని అరిచాడు. చెప్పులేసుకోమంటున్నాడు, ఇది గుడి కాదంటున్నాడు అని చెప్పాను. తాతయ్య వినలేదు. మే నెల ఢిల్లీ ఎండలో బండలు పెనంలా కాలుతుంటే, పాదాలు మార్చి మార్చి వేస్తూ, ఒక్కో ఫిరంగి ముందూ ఆగి కుడిచేత్తో గుండెలు తాకుతూ నడిచాడు. సైనికుల క్రమశిక్షణ ఇలాగే ఉంటుందని నేను గర్వపడ్డాను.

"తాతయ్యా, నువ్వు ఆపింది ఇందులో ఏది" అని ట్యాంకుల దగ్గర అడిగాను.

"పదవే, లోపల సల్లగా ఉంటది" అన్నాడు.

లోపల నిజంగానే చల్లగా ఉంది. కత్తులు, బల్లేలు, కవచాలు, తర్వాత తుపాకులు. మనిషన్నవాడు ఎదుటి మనిషిని ఎన్ని రకాలుగా చంపాలని ఆలోచించాడో వరసగా, సంవత్సరాల వారీగా, మంచి లైట్లు పెట్టి చూపించారు. తాతయ్య అన్నిటికీ దణ్ణం పెట్టుకుంటూ వస్తున్నాడు. నేను మాత్రం ప్రతి ఫోటోలో ఆయన మొహం కోసం వెతుకుతున్నాను. వందల మంది సిపాయిలు నిలబడిన పెద్ద పెద్ద ఫోటోలు. నాలుగైదు చోట్ల దొరికాడు కూడా. అందరికీ టోపీ ఉంది, అందరికీ మీసం ఉంది, వెతికేవాళ్ళకి దొరకడం ఏమంత కష్టం కాదు.

చివరి గదిలో చేతి బాంబులు పెట్టిన అద్దాల పెట్టె ఉంది. వాటిలో ఒకదాన్ని జామకాయని కోసినట్టు సగానికి కోసి, లోపల ఏముంటుందో కనబడేలా పెట్టారు. దాని ముందు తాతయ్య ఆగిపోయాడు. దణ్ణం పెట్టలేదు. నేను తర్వాతి పెట్టె దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. అద్దంలో ఆయన మొహం పడింది. ఆ కోసిన బాంబు సరిగ్గా ఆయన నోటి దగ్గరుంది.

అప్పుడే గేటు దగ్గరి సిపాయి డ్యూటీ మారి ఆ గదిలోకి వచ్చాడు. చెప్పులు లేని ముసలాయన్ని గుర్తుపట్టాడు. దగ్గరికి వచ్చి, బాంబుల వైపు చూసి, ఆయన ఎడమ చేతి వైపు చూసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"బాబా, కౌన్ సీ లడాయీ మే?"

ఏ యుద్ధంలో, అని అడిగాడు అతను. హిందీలో లడాయి అంటే యుద్ధం కూడా. కానీ మా పల్నాడులో లడాయి అంటే తగాదా. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకునేది లడాయి. పొలం గట్టు మీద తలలు పగిలేది లడాయి. మా తాతయ్యకి హిందీలో ఒక్క ముక్క రాదు, ఆ వాక్యంలో ఆయనకి తెలిసిన మాట ఒక్కటే. ముప్పై ఏళ్ళుగా నాయనమ్మకి తప్ప ఎవరికీ చెప్పని విషయాన్ని, ఢిల్లీలో, ఖాకీ బట్టలు వేసుకున్న ముక్కూ మొహం తెలియని మనిషి, చెయ్యి చూడగానే కనిపెట్టి, ఏ తగాదాలో పోయింది ఇది అని అడుగుతున్నాడు.

తాతయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. సిపాయి దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, బూటు నేలకేసి కొట్టి, చెయ్యెత్తి సెల్యూట్ చేశాడు. నా గుండె ఎగిరింది. నేను కన్న కల అదే. కానీ ఆ బూటు చప్పుడుకి తాతయ్య ఉలిక్కిపడి, రెండు చేతులూ కలిపి ముందుకి చాపాడు. దణ్ణం కాదది. బేడీలు వేయించుకోవడానికి చాపినట్టు చాపాడు. ఒక చెయ్యే ఉన్నవాడికి బేడీలు ఎలా వేస్తారని నాకు అప్పుడే అనుమానం కూడా వచ్చింది. నా బుర్ర అంతే, అవసరం లేనప్పుడే బాగా పనిచేస్తుంది.

"మా ఊరి లడాయే బాబూ" అన్నాడు తాతయ్య, తెలుగులో. "సర్పంచి ఎలక్షన్లప్పుడు. మాది చానా దూరం, మాచర్ల అవతల. వాళ్ళు మా మీదకి వస్తారని ఎవురో చెప్పారు. మేం మందుకి తాడు చుట్టి బాంబులు కట్టుకుంటన్నాం, గడ్డివామి ఎనకమాల, గోడ వారన. వాళ్ళు రాలా. రానేలా. మా తమ్ముడు తాడు పట్టుకున్నాడు. గట్టిగా లాగరా అన్నా. నేనే అన్నా. వాడు నా మాట ఎప్పుడూ కాదనలా."

సిపాయి చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది.

"పదారేళ్ళు వాడికి" అన్నాడు.

నడవాలో ఫోటో, నూనె ఎక్కువైన తల, నా కళ్ళ ముందుకి వచ్చింది. జ్వరం పోయింది.

సిపాయి మెల్లగా చెయ్యి దించి నా వైపు తిరిగాడు. ఏమంటున్నారు అని అడిగాడు. నేను ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నాను, మూడు ట్యాంకులతో సహా. జూన్‌లో బడి తెరుస్తారు. ఇతనికి తెలుగు రాదు, తాతయ్యకి హిందీ రాదు, మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. ఎవరికీ తెలియదు. నోరు తెరిచి, "పాకిస్తాన్ కే సాథ్" అన్నాను.

ఆ మాట ఏ భాషలో అన్నా ఒకేలా ఉంటుందని నాకు తట్టలేదు.

"పాకిస్తాన్ అనమాకే" అన్నాడు తాతయ్య. కోపంగా కాదు. నేను పుట్టినప్పటి నుంచీ విన్న గొంతే, కానీ ఏదో బరువు దించి అడుగుతున్నట్టుంది. "ఆ ముక్క నేనే అననిచ్చా ఇన్నేళ్ళు. నువ్వనమాక. ఉన్నదున్నట్టు చెప్పు. సిపాయిని కాదని చెప్పు ముందు."

పన్నెండేళ్ళ పిల్ల దగ్గర ఎంత హిందీ ఉంటుందో అంతే ఉంది. మామిడిపండు, గురువుగారు, గంగానది పనికిరావు. మిగిలిన మాటల్ని ఒక్కొక్కటే ఏరుకున్నాను. మేరే దాదా సిపాహీ నహీ హై. ఆ వాక్యంలో తప్పేమీ లేదు, మా హిందీ టీచరు వింటే పదికి పది వేసేది. గావ్ మే లడాయీ. దాదా కా బమ్. భాయీ మర్ గయా. ఊళ్ళో తగాదా, తాతయ్య బాంబు, తమ్ముడు పోయాడు. పగ అనే మాటకి హిందీ నాకు తెలియదు. గట్టిగా లాగు అనడానికీ తెలియదు. అందుకని రెండు చేతుల్తో గాలిలో తాడు పట్టుకుని లాగి చూపించాను. లాగాక చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉంచాను. అంతవరకూ తాతయ్య చెప్పింది విన్నాను, అంతే. నా చేతుల్తో లాగి చూపించినప్పుడు అర్థమైంది.

నేను ఏడుస్తున్నానని తాతయ్య చెబితే తెలిసింది.

సిపాయి నవ్వలేదు, తిట్టలేదు. కాసేపు ఆ అద్దాల పెట్టె వైపు చూశాడు. తర్వాత మెల్లగా ఏదో చెప్పాడు. నాకు అందిన మాటలు నాలుగు. హమారే గావ్ మే భీ, అంటే మా ఊళ్ళో కూడా. ఖేత్, అంటే పొలం. పానీ. ఆఖర్న రెండు వేళ్ళు చూపించి, దో చాచా, అంటే ఇద్దరు బాబాయిలు. మా హిందీ వాచకంలో ఖేత్ ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, చాచా మిఠాయి తెస్తాడు. ఇతని ఊళ్ళో చాచాలు ఇద్దరూ ఆ పొలం నీళ్ళ దగ్గరే పోయారు.

తర్వాత అతను చటుక్కున తిరిగి బయటికి వెళ్ళిపోయాడు. పై అధికారిని తీసుకొస్తాడని తాతయ్య అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. పారిపోదామని కూడా ఇద్దరికీ తోచలేదు. కాసేపటికి ఆ సిపాయే తాతయ్య చెప్పుల్ని చేత్తో పట్టుకుని వచ్చాడు. వంగి, ఆయన పాదాల ముందు, ఏ కాలిది ఆ కాలి వైపు పెట్టాడు. ఎండలో నడిచి నడిచి ఆ పాదాలకి బొబ్బలు వచ్చాయని అప్పుడు చూశాను.

"పహన్ లీజియే బాబా. యే మందిర్ నహీ హై."

ఇది గుడి కాదంట తాతయ్యా, వేసుకోమంటున్నాడు, అని మళ్ళీ చెప్పాను.

తాతయ్య ఈసారి వేసుకున్నాడు. ఆ కోసిన బాంబుని, దాని మీద పడుతున్న తెల్లని లైటుని, వేలిముద్ర కూడా లేని అద్దాన్ని చూస్తూ, "ఎంత శుభ్రంగా పెట్టారో సూడవే" అన్నాడు. "మీ నాయనమ్మ ఆ గోడ రెండు రోజులు కడిగింది."

ఇంక మేమేమీ చూడలేదు. బయట బాబాయి సంచి మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. లేపితే, "ఎట్టా ఉంది నాన్నా" అని అడిగాడు. "లోపల సల్లగా ఉందిరా" అన్నాడు తాతయ్య.

మిగతాది తిరుగు రైల్లో, కిటికీ పక్కన కూర్చుని చెప్పాడు. తమ్ముడు పోయాక, చెయ్యి మానాక, ఊళ్ళో ఉండలేక నరసరావుపేట వచ్చేశారు. మా నాన్నకి అప్పుడు మూడేళ్ళు, బాబాయి ఇంకా పుట్టలేదు. పల్లె నుంచి వచ్చారంటే, చెయ్యి లేదంటే, ఎవరూ ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్ళు కాదు. ఏ పార్టీ వాళ్ళో, వెనకాల ఎవరొస్తారోనని భయం. నాలుగు గడపలు ఎక్కి దిగాక ఐదో ఇంటాయన, పాపం మంచివాడు, చెయ్యి చూసి తనే అందించాడట, "మిలిట్రీలో పోయిందా బాబూ" అని. తాతయ్య "ఊఁ" అన్నాడు. ఆయన అన్నది అంతే. మా ఇంటి పరువు, నా మూడు ట్యాంకులు, హెడ్మాస్టరు గారి ఉపన్యాసం, అన్నీ ఆ ఒక్క 'ఊఁ' మీద కట్టినవే.

"ఆ పూటకి తలదాచుకుందామని అన్నానే" అన్నాడు. "రేపు చెప్తాలే అనుకున్నా."

ఆ ఆగస్టులో తాతయ్యకి జ్వరం రాలేదు. పద్నాలుగో తేదీ పొద్దున్నే నా వెంట బడికి వచ్చి, హెడ్మాస్టరు గారి గదిలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చాలాసేపు ఆలోచించి, ఆహ్వానపత్రాలు అచ్చయిపోయాయి కదండీ, ఈ ఒక్క ఏడాదికి కానిచ్చేద్దామా అన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు. మర్నాడు తల్లిదండ్రుల వరసలో, ఆఖరి బల్ల మీద కూర్చుని, జెండా ఎవరో ఎగరేస్తే చూశాడు. ఏడవలేదు. నేను రెండు నెలల పాటు బళ్ళో బాంబుల తాత మనవరాలినయ్యాను. తర్వాత ఎవడో తరగతిలోకి పాముపిల్లని తెచ్చాడు, నన్ను మర్చిపోయారు. వీధిలో మాత్రం ఏమీ మారలేదు. మాది ఇప్పటికీ మిలిట్రీ వాళ్ళిల్లే. ఆ పేరు తీసేస్తే గ్యాసు బండ వేరే ఇంటికి పోతుంది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం తాతయ్య ఆ నవారు మంచాన్ని ఎత్తి నడవాలో వేశాడు, సరిగ్గా ఆ ఫోటో కింద. నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. ఆయన నవారు ఒక కొస కుడిచేతికి రెండు చుట్లు చుట్టుకుని, ఎడమ మోచేత్తో పట్టెని అదిమి, రెండో కొస నాకు ఇచ్చాడు.  

"లాగు" అన్నాడు. వెంటనే, "మెల్లిగా. మెల్లిగా లాగవే" అన్నాడు.

ఒక్కో వరసకీ అదే మాట. మామూలుగా అరగంట పట్టే పని, మాకు సాయంత్రం దాకా పట్టింది. నాయనమ్మ ఆ పూట ఏ పనీ చెయ్యలేదు, గడప మీదే కూర్చుని మమ్మల్ని చూసింది. మంచం చదునుగా తయారైంది. ఇన్నేళ్ళు గుంతకి అలవాటుపడ్డ మాకెవరికీ దాని మీద నడుము వాలలేదు.

తాతయ్య పోయి ఆరేళ్ళు అవుతోంది. ఆయన ఫోటో తమ్ముడి ఫోటో పక్కనే ఉంది. అన్న తలపండిన ముసలివాడు, తమ్ముడికి ఇంకా మీసం రాలేదు. ఎలక్షన్లు దగ్గర పడ్డప్పుడల్లా నాయనమ్మ ఆ రెండు ఫోటోలూ తుడుస్తుంది. నేను ఆరో తరగతికి హిందీ చెబుతున్నాను. లడాయి అనే మాట వచ్చినప్పుడు దానికి రెండు అర్థాలూ నల్లబల్ల మీద రాసి, రెండూ పిల్లల చేత రాయిస్తాను. పరీక్షలో ఒక్కటే రాస్తే సగం మార్కులు కోస్తాను, తల్లిదండ్రులు వచ్చి గొడవ చేసినా వెయ్యను. బడి ఆటల పోటీల్లో తాడు లాగే పోటీ దగ్గర మాత్రం నన్ను నిలబెట్టరు. ఒకసారి నిలబెడితే రెండు జట్లనీ మెల్లిగా లాగమని అరిచానట. నాకు గుర్తు లేదు. ఎవరూ గెలవలేదని డ్రిల్లు మాస్టారు ఇప్పటికీ నన్ను దెప్పుతుంటారు.

ఆ మ్యూజియం చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. సోమవారం సెలవు.